చిటికెడు ఇసక, రెండు గంటల నిద్ర

చిన్నమొగ దగ్గర గోదారి మధ్యాహ్నం ఒంటిగంటకి పడుకుని మూడింటికి లేస్తుందని కంప్యూటరు కనిపెట్టింది. కునికిపాట్లు కాదండోయ్, ఒళ్ళెరగని నిద్ర. ఆ రెండు గంటలూ పోటు లేదు, పాటు లేదు, నీళ్ళు ఎక్కడివక్కడే. మూడయ్యేసరికి మాత్రం ఆఫీసుకి ఆలస్యమైన గుమాస్తాలాగా గబుక్కున లేచి, ఎక్కవలసిన జానెడూ ఒక్కసారే ఎక్కేది.

ఈ సంగతి తెలిసి నదీముఖ గణన సంస్థ డైరెక్టరు డాక్టరు చిదానందంగారు ఉబ్బి తబ్బిబ్బయ్యారు. ‘ఉష్ణమండల నదీముఖాల్లో మధ్యాహ్న నిశ్చలత’ అని పత్రం రాసి, మూడు దేశాలు తిరిగి చదివొచ్చారు. వినాయకచవితినాడు నది అసలు కదలకపోవడమూ, మూడేళ్ళ కిందట వైశాఖంలో రెండు రోజులపాటు పూర్తిగా ఆగిపోవడమూ మాత్రం ఆయనకి కొరుకుడు పడలేదు. దానికోసం చంద్రుణ్ణి అనుమానించారు, సముద్రపు ఉప్పుని అనుమానించారు, భూమి తిరగడాన్ని కూడా కొంచెం అనుమానించారు. తాతబ్బాయినొక్కణ్ణీ అనుమానించలేదు.

కామాడి తాతబ్బాయి ఆ మొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసేచోట, నీటి మట్టం చూసే ఉద్యోగి. నీళ్ళలో అంకెలు వేసిన కర్ర ఒకటి పాతి ఉంటుంది. పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా గంటకోసారి వెళ్ళి, నీరు ఏ అంకె మీద ఉందో చూసి రిజిస్టరులో రాయాలి. వారానికోసారి మొగ నడిమధ్యకి పోయి సీసాడు నీళ్ళు ముంచి, ఏరు ఎంత ఇసక మోసుకొస్తోందో తేల్చడానికి ఆఫీసుకి పంపాలి. పదకొండేళ్ళుగా ఇదే పని. మనిషి మంచివాడు. ఒకరి జోలికి పోడు. ముఖ్యంగా పని జోలికి అసలు పోడు.

ఒంటిగంటకి కర్ర చూసి, ఆ అంకే రెండు గంటల గడిలో కూడా ముందుగా వేసేసి, ఇంటికెళ్ళి కొయ్యింగ చేపల పులుసుతో అన్నం తిని, మూడింటిదాకా పడుకునేవాడు. చవితికి సెలవు తనకి తనే ఇచ్చుకునేవాడు. వైశాఖంలో ఆ రెండు రోజులూ మేనకోడలి పెళ్ళికి వెళ్ళాడు. ఇక సీసా సంగతంటారా, మొగ మధ్యకి పోవడానికి ఆఫీసువాళ్ళు పడవ ఇస్తామన్నారు, ఇవ్వలేదు. అందుకని ఇంట్లో బిందెలో నీళ్ళు ముంచి, గుమ్మం ముందు ఇసక చిటికెడు తీసి వేసి, బాగా ఆడించి పంపేవాడు. పాపం చెప్పకూడదు, ఎక్కువా తక్కువా ఉండేది కాదు, ఎప్పుడూ ఒకే చిటికెడు.

ఆ రిజిస్టర్లూ ఆ సీసాలూ తిని పెరిగింది మహాప్రవాహ. డైరెక్టరుగారి కంప్యూటరు మోడల్ పేరది. అలలూ ప్రవాహాలూ ఇసకా అన్నీ లెక్కగట్టి, రేపు ఏరు ఎలా ఉంటుందో ఇవాళే చెబుతుంది. చెప్పింది నిజమో కాదో మళ్ళీ తాతబ్బాయి రిజిస్టరుతోనే సరిచూస్తారు. నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు సరిపోయేది. సరిపోక ఏం చేస్తుంది?

ఆ ఎండాకాలం డైరెక్టరుగారు తాతబ్బాయికి సన్మానం చెయ్యడానికి స్వయంగా ఊరొచ్చారు. వేట నిషేధం రోజులు. అరవై బోట్లూ ఏటి ఒడ్డున కట్టేసి ఉన్నాయి. నిషేధం జూన్ పద్నాలుగుతో అయిపోతుంది, పదిహేనున సముద్రంలోకి పోవాలి. పోవడానికి దారేదీ? మొగ నిండా ఇసక మేట వేసేసింది. డ్రెడ్జరు పంపి తవ్వించండి మహాప్రభో అని ఊరు రెండేళ్ళుగా అర్జీలు పెడుతూనే ఉంది.

“పదకొండేళ్ళలో ఒక్క అపశ్రుతి లేదు! నమ్మశక్యం కాని క్రమబద్ధత!” అంటూ డైరెక్టరుగారు శాలువా కప్పారు. తాతబ్బాయి తల వంచుకున్నాడు. అందరూ వినయం అనుకున్నారు.

అప్పుడు లేచాడు సింహాద్రి. తాతబ్బాయి పెళ్ళాం మాణిక్యానికి తమ్ముడు. కొత్తగా ఇంజను బోటు కొన్నాడు, అది ఇంకా సముద్రం మొహం చూడలేదు.

“శాలువా బాగుందండి. మా మొగ సంగతేంటండి?”

డైరెక్టరుగారు లాప్‌టాప్ తెరిచారు. “మహాప్రవాహ ప్రకారం ఈ నదీముఖంలోకి ఇసక ప్రవేశం అత్యల్పం. ఇది పూడడానికి మూడువందల నలభై సంవత్సరాలు పడుతుంది. అప్పుడు అర్జీ పెట్టుకోండి, సానుకూలంగా పరిశీలిస్తాం.”

“పూడిపోయిందండి బాబూ!”

“ప్రస్తుతం లోతు నాలుగు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు.”

సింహాద్రికి ఒళ్ళు మండింది. లుంగీ ఎగ్గట్టి నీళ్ళలోకి దిగి, చకచకా నడుచుకుంటూ పోయి మొగ నట్టనడుమ నిలబడ్డాడు. నీళ్ళు మోకాలిచిప్ప దాటలేదు. అక్కణ్ణించి రెండు చేతులూ ఊపి, “ఇప్పుడు చూడండయ్యా!” అని కేకేశాడు.

డైరెక్టరుగారు స్క్రీను వంక చూశారు. ముఖం పాలిపోయింది.

“మనిషి నాలుగు మీటర్ల లోతులో ఉన్నాడు! చేతులు ఊపుతున్నాడు! కాపాడండి!”

వెంట వచ్చిన సిబ్బంది రబ్బరు చక్రం విసిరి, తాడేసి లాగడం మొదలెట్టారు. “నేను నడిచొచ్చేత్తానండీ” అని సింహాద్రి మొత్తుకున్నాడు. “మునిగేవాళ్ళు మొదట అలాగే అంటారు” అని డైరెక్టరుగారు వాళ్ళని తొందరపెట్టారు. ఒడ్డున బోర్లా పడుకోబెట్టి వీపు మీద మోకాలేసి నొక్కారు. పొద్దున్న తాగిన టీ బయటికొచ్చింది. నీళ్ళు కక్కాడని రాసుకున్నారు. మర్నాడు పేపర్లో ‘మోడల్ అప్రమత్తతతో మత్స్యకారుడికి పునర్జన్మ’ అని పడింది.

ఆ సాయంత్రం పునర్జన్మ ఎత్తిన సింహాద్రి నడుం పట్టుకుని అక్క ఇంట్లో మూలుగుతున్నాడు. తాతబ్బాయి వారం అలవాటు ప్రకారం సీసా బిందెలో ముంచి, గుమ్మం దగ్గర వంగి చిటికెడు తీశాడు. మాణిక్యం చూసింది. ఇన్నాళ్ళూ ఆఫీసువాళ్ళు మంచినీళ్ళు పరీక్ష చేస్తున్నారనుకుంది వెర్రిబాగులది. పొద్దున్న ‘ఇసక అత్యల్పం’ అన్న మాట చెవిన పడింది కదా, ఇప్పుడు ఆ చిటికెడు కంట పడేసరికి తల గిర్రున తిరిగింది.

“ఏవయ్యా, ఆ మూడొందల నలభై ఏళ్ళ లెక్క నీ చిటికెలోంచి వచ్చిందా?”

“మరి పడవ ఇవ్వలేదు కదే...”

“నీకు పడవ ఇవ్వలేదని ఊళ్ళో పడవలన్నీ కూలబెడతావా? నీ మొకం మండ! అరవై ఇళ్ళ కూడు ఆ మొగలోంచి రావాలి. నా తమ్ముడు ఉన్నదంతా ఊడ్చి బోటు కొన్నాడు. నువ్వు గుమ్మంలో కూకుని దాని దారి మూసేశావు గదయ్యా!”

తాతబ్బాయికి సిగ్గేసింది. ఉత్తుత్తి సిగ్గు కాదు, నిజం సిగ్గు. ఆ పూట పులుసు కూడా సయించలేదంటే చూసుకోండి.

మర్నాటి నుంచి మనిషి మారిపోయాడు. పగటి నిద్ర మానేశాడు. ఒంటిగంటకీ రెండింటికీ కూడా ఎండలో నిలబడి కర్ర చూసి రాశాడు. బావమరిదిని వెంటబెట్టుకుని మోకాళ్ళ నీళ్ళలో నడిచి, మొగ నడుమ సీసా ముంచాడు. సగానికి సగం ఇసకే వచ్చింది. ఇలా పదిహేను రోజులు పదకొండేళ్ళ పాపం కడుక్కున్నాడు. పదహారో రోజున మెమో వచ్చింది.

“పదకొండు సంవత్సరములు నిష్కళంకముగా విధులు నిర్వర్తించిన మీరు, గత పదిహేను దినములుగా మోడలుతో ఎట్టి పొంతనయు లేని రీడింగులు నమోదు చేయుచున్నారు. తత్ఫలితముగా మోడలు కచ్చితత్వము తొంభై ఎనిమిది నుండి అరవై ఒకటికి దిగజారినది. కల్పిత రీడింగులు వ్రాసినందుకు మీపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో విచారణ సంఘము ఎదుట హాజరై తెలుపవలెను.”

“అబద్ధం రాస్తే శాలువా, నిజం రాస్తే మెమోనా?” అని తాతబ్బాయి కూలబడ్డాడు.

“పోయి మొత్తం కక్కెయ్” అంది మాణిక్యం. “ఉజ్జోగం పోతే పోనీ, చేపలమ్మి నేను పెడతాను కూడు. మొగ పోతే మట్టుకు ఎవరూ పెట్టలేరు.”

విచారణ సంఘం చల్లటి గదిలో కూచుని ఉంది. డైరెక్టరుగారు మధ్యలో, అటూ ఇటూ ఇద్దరేసి పెద్దమనుషులు. తాతబ్బాయి చేతులు కట్టుకుని అంతా చెప్పేశాడు. నిద్ర చెప్పాడు, చవితి చెప్పాడు, మేనకోడలి పెళ్ళి చెప్పాడు, బిందె చెప్పాడు, చిటికెడు చెప్పాడు. చెప్పి, “నన్ను తీసేయండి గానీ, మా మొగ తవ్వించండి బాబయ్యా” అని దణ్ణం పెట్టాడు.

డైరెక్టరుగారు చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూసి నవ్వారు.

“చూడు తాతబ్బాయ్, అబద్ధానికో లక్షణం ఉంటుంది. అది గజిబిజిగా ఉంటుంది. నీ పదకొండేళ్ళ రీడింగుల్లో గజిబిజి అన్నదే లేదు. ఈ పదిహేను రోజులవే అడ్డదిడ్డంగా ఉన్నాయి. కాబట్టి అవి నిజం, ఇవి కల్పితం.”

“ఏరే అడ్డదిడ్డంగా ఉంటదండి.”

“ఎవరు చెప్పారు?”

“నేను కళ్ళారా చూశానండి.”

“చూడడం శాస్త్రం కాదు” అని ఎడంపక్క పెద్దమనిషి కొట్టిపారేశాడు.

అయినా న్యాయం న్యాయమే కనక, పరీక్ష పెట్టారు. పళ్ళెంలో ఇసక తెప్పించి, వెంట్రుక బరువు కూడా తూచే త్రాసు తెప్పించి, ఏదీ నీ చిటికెడు చూపించమన్నారు. తాతబ్బాయి చిటికెడు తీశాడు. తూచారు. మళ్ళీ తీయమన్నారు. ఇరవైసార్లు తీశాడు. ఇరవైసార్లూ వెంట్రుకవాసి తేడా లేదు. పెద్దమనుషులు కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు. అప్పుడు డైరెక్టరుగారి బుర్రలో మెరుపు మెరిసింది.

“గమనించారా? ఇతను నిద్రపోయిన పదకొండేళ్ళూ నది నిశ్చలంగా ఉంది. ఇతను మేలుకున్న పదిహేను రోజులూ నది కదిలిపోయింది. ఇతను చిటికెడు వేసినంతకాలం ఇసక తక్కువ. మానగానే ఎక్కువ. అంటే ఏమిటన్నమాట? నది ఇతన్ని అనుసరిస్తోంది!”

తాతబ్బాయి నోరు వెళ్ళబెట్టాడు. తను చెప్పిందే ఆయన మళ్ళీ చెప్పారు, కాకపోతే తలకిందులుగా చెప్పారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. సదరు ఉద్యోగి ఇకమీదట ప్రతిదినము ఒంటిగంట నుండి మూడు గంటల వరకు విధిగా నిద్రించవలెను. నిద్రను ధ్రువీకరించుటకు ఏఈ ఉమామహేశ్వరంగారిని నిద్రా పర్యవేక్షణాధికారిగా అదనపు బాధ్యతలతో నియమించడమైనది. వారపు సీసాయందు ఇసకను ఉద్యోగి పూర్వపు రీతినే ఇంటివద్ద, స్వహస్తముతో చేర్చవలెను.

తాతబ్బాయి చదువుతూంటే మాణిక్యం చేపలు తోముతూ వింది. తోముతున్న చెయ్యి ఆగింది.

“స్వహస్తం అంటే చెయ్యేగా? చిటికెడని రాశారా?”

“లేదు.”

“అయితే గుప్పెడు వెయ్.”

తాతబ్బాయి రెండు గుప్పెళ్ళు వేశాడు. సీసా మూత పట్టలేదు, పీచు కుక్కి పంపాడు.

సోమవారం సీసా చేరింది. మంగళవారం పొద్దున్నకల్లా మహాప్రవాహ నఖశిఖపర్యంతం ఎర్రబడిపోయింది. మొగ మూసుకుపోయింది! మూడువందల నలభై ఏళ్ళ తర్వాత కాదు, నాలుగు నెలల కిందటే మూసుకుపోయింది! సింహాద్రి మోకాలిలోతులో నిలబడి అరిస్తే కదలని డైరెక్టరుగారి గుండె, ఎర్రటి స్క్రీను చూడగానే కదిలిపోయింది. “మన మోడలే మనల్ని హెచ్చరించింది!” అంటూ రాజధానికి పరిగెత్తారు. జూన్ పన్నెండున డ్రెడ్జరు మొగలోకి వచ్చి నిలబడింది. ఊరంతా గుమ్మడికాయలు పట్టుకుని ఎదురెళ్ళింది.

“మూడు రోజులే ఉంటామండి, పద్నాలుగు సాయంత్రం ఇంకో రేవుకి పోవాలి” అన్నాడు డ్రెడ్జరు నడిపే అతను. “అయినా ఏం పర్లేదు, గంటన్నర గట్టిగా ఆడిస్తే బోట్లకి దారి పడిపోద్ది.”

“మరింకేం, ఆడించండి!” అంది ఊరు.

“ఆగాలి” అంటూ ఉమామహేశ్వరంగారు సంచీలోంచి కాగితం తీశారు. ఆయన బక్కపలచటి మనిషి. కాగితం చేతిలో ఉంటే మాత్రం మహా గట్టివాడు. “తవ్వకము నది నిశ్చలముగా ఉన్న వేళలయందే జరుపవలెను. సదరు నిశ్చలత ఉద్యోగి నిద్రపై ఆధారపడియున్నది గనుక, నిద్ర ధ్రువీకరించబడిన పిమ్మటనే ఇంజను ప్రారంభించవలెను.” చదివి, కళ్ళజోడు పైనుంచి తాతబ్బాయిని చూశారు. “పడుకోవయ్యా.”

ఇంతేనా అనుకున్నారు అందరూ. పడుకోవడంలో తాతబ్బాయిని మించినవాడు ఆ తీరాన లేడు. ఒడ్డున పాకలో నవ్వారు మంచం వేశారు. ఒంటిగంట కొట్టింది. తాతబ్బాయి నడుం వాల్చి కళ్ళు మూసుకున్నాడు. ఉమామహేశ్వరంగారు వంగి కనురెప్ప ఎత్తారు. నల్లగుడ్డు ఆయన్నే చూస్తోంది. మూడు కొట్టేదాకా పావుగంటకోసారి ఎత్తారు. చూస్తూనే ఉంది.

రెండో రోజు ఊరు నడుం కట్టింది. కుక్కల్ని గట్టు అవతల కట్టేశారు. కోళ్ళని గంపల కింద మూశారు. కొయ్యింగల పులుసూ, గడ్డపెరుగూ ముక్కుదాకా పెట్టారు. మంగలి వచ్చి మాడుకి నూనె అంటాడు. ముసలమ్మలు మంచం చుట్టూ చేరి, మనవల్ని జోకొట్టే పాటలన్నీ పాడేశారు. పాడినవాళ్ళకి నిద్రపట్టింది గానీ తాతబ్బాయికి పట్టలేదు. చివరికి చేసేది లేక గురక నటించాడు. డ్రెడ్జరు నడిపే అతను ఇంజను మీద చెయ్యి వెయ్యబోయాడు.

“గురక నిద్రకి సూచనే గానీ రుజువు కాదు” అని ఉమామహేశ్వరంగారు కాకి ఈకతో అరికాలు గీరారు. తాతబ్బాయి కిచకిచా నవ్వేశాడు.

పద్నాలుగో తారీకు వచ్చింది. ఆఖరి రోజు. ఒంటిగంట కొట్టింది, పది నిమిషాలయింది, పావయింది. ఒకటిన్నర దాటిందా, మూడులోపు దారి పడదు. తెల్లారితే వేట మొదలు. పక్క రేవుల బోట్లు సముద్రంలో ఉంటాయి, చిన్నమొగ బోట్లు బురదలో ఉంటాయి.

“బావా, నీ కాళ్ళట్టుకుంటాను, ఒక్క కునుకు తియ్యి బావా” అని సింహాద్రి బతిమాలాడు.

తాతబ్బాయి కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. “పదకొండేళ్ళు పడుకుని మీ కొంప ముంచానురా. ఇవాళొక్కరోజు పడుకుంటే ఊరు బతుకుద్ది. పట్టదేంట్రా పాపిష్టి నిద్ర!”

“ఏడవకూడదు, ఏడిస్తే మెలకువ కింద లెక్క” అని ఉమామహేశ్వరంగారు కాగితం మీద గుర్తు పెట్టుకున్నారు.

మాణిక్యం పాక గుంజకి ఆనుకుని మొగుణ్ణే చూస్తోంది. ఇరవై ఏళ్ళ కాపురం. ఈ మనిషికి నిద్రపట్టకపోవడమేంటి? పాలు మరిగేలోపు పడుకునే మనిషి. అప్పుడు తట్టిందా ఇల్లాలికి. నిద్ర ఇప్పుడు డ్యూటీ అయిపోయింది! చెప్పిన డ్యూటీ చెప్పిన వేళకి చేసిన పాపాన ఎప్పుడు పోయాడు ఈయన?

ఒక్క అంగలో పోయి తల కింద దిండు లాగేసింది. గుండెల మీద రిజిస్టరు పడేసి, చేతిలో పెన్ను కుక్కింది.

“లే! పడుకోవడం రద్దయిందంట, ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. గంటకోసారి కాదు, ఇవాళ్టి నుంచి పావుగంటకోసారి రీడింగు తియ్యాలంట. ఎండలో ఆ కర్ర కాడే నిలబడాలంట. ఊఁ, లే, పో!”

“ఆఁ... ఎల్తానే” అన్నాడు తాతబ్బాయి. “ఒక్క నిమిషం.”

ఆ నిమిషం పూర్తికాలేదు. ఒళ్ళు సడలింది, పెన్ను జారింది, నోరు కొంచెం తెరుచుకుంది. ఉమామహేశ్వరంగారు కనురెప్ప ఎత్తారు. తెల్లగుడ్డు. ఈకతో గీరారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. గడియారం చూసుకుని, ఒంటిగంట ఇరవై ఆరు నిమిషాలకి సంతకం పెట్టి, పచ్చజెండా ఊపారు.

డ్రెడ్జరు ఒక్క అరుపు అరిచింది. పాక కప్పు వణికింది, గంపల కింద కోళ్ళు గగ్గోలు పెట్టాయి. తాతబ్బాయి పక్కకి ఒత్తిగిల్లి రిజిస్టరు తల కింద పెట్టుకున్నాడు.

మూడింటికి అలవాటు ప్రకారం మెలకువొచ్చి చూస్తాడు కదా, మొగలోంచి సముద్రపు నీళ్ళు పచ్చగా ఏట్లోకి తోసుకొస్తున్నాయి. సింహాద్రి ఆగలేక అందులోకి దిగాడు. మోకాలు పోయింది, నడుం పోయింది, మెడ పోయింది, మనిషే మాయమైపోయాడు. అంత దూరాన తల పైకి లేపి, “మునిగిపోయాను బావోయ్!” అని ఆనందంగా కేకేశాడు.

రబ్బరు చక్రం పట్టుకున్న సిబ్బంది ఉమామహేశ్వరంగారి వంక చూశారు. ఆయన ఫోన్లో మహాప్రవాహ తెరిచి చూశారు. అందులో ఇంకా రెండు గుప్పెళ్ళ ఇసకే ఉంది.

“అక్కడ నీళ్ళే లేవు. మునగడం కుదరదు” అని చక్రం లోపల పెట్టించేశారు.

మూడు గంటల రీడింగు రాద్దామని తాతబ్బాయి ఒడ్డుకి వెళ్ళాడు. ఈసారి నిజంగా చూసే రాద్దామనుకున్నాడు. కర్ర లేదు. డ్రెడ్జరు ఇసకతోపాటు దాన్ని కూడా తోడేసింది. పరిగెత్తుకొచ్చి చెబితే ఉమామహేశ్వరంగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

“కర్ర పోయిందని పైకి రాస్తే, ఎలా పోయిందని విచారణ వేస్తారు. విచారణ తేలేదాకా మోడల్ ఆగిపోతుంది. కర్రదేముంది, వచ్చినప్పుడే వస్తుంది. రీడింగు మాత్రం ఆపకు.”

మర్నాడు తెల్లారగానే అరవై బోట్లూ మొగ దాటాయి. ముందు సింహాద్రిది. మాణిక్యం ఒడ్డున నిలబడి ఏడుస్తూ నవ్వింది. తాతబ్బాయి ఒకప్పుడు కర్ర ఉండే చోటు వంక కాసేపు తదేకంగా చూసి, ఒక అంకె రాశాడు. ఆ వారం సీసాలో మళ్ళీ చిటికెడే వేశాడు. మహాప్రవాహ చల్లబడింది, మొగ తెరుచుకుందని ప్రకటించింది. ఆ నెల కచ్చితత్వం నూటికి తొంభై తొమ్మిదన్నర వచ్చిందని డైరెక్టరుగారు ఇంకో శాలువా పంపారు.

కొత్త కర్ర ఇంతవరకూ రాలేదు. ఏటా మొగ పూడడం మాత్రం మానలేదు. అందుకే ఏప్రిల్ నెల వచ్చిందంటే మాణిక్యం గుమ్మం ముందు ఊడవదు. రెండు గుప్పెళ్ళ ఇసక ఎప్పుడు కావలసొస్తుందోనని అలా ఉండనిస్తుంది.